ఎఫెసులో ఒక దినము - పూడిపోయిన రేవు చెప్పిన పాఠము

మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు పూర్తి చేసికొన్న ఈ కృతజ్ఞతా సమయమున ఒక చారిత్రక వ్యాసము వ్రాయుమని సంచిక సంపాదకులు మమ్మును కోరినారు. మన మిషనెరీలను గూర్చియు, మన తొలి సంఘములను గూర్చియు వ్రాయుటకు మాకంటె పెద్దలు ఉన్నారు. కాబట్టి మేము కన్నులార చూచిన వేరొక సంఘపు చరిత్రను మీ ముందు ఉంచుచున్నాము. మనది నూరేండ్ల చరిత్ర. వారిది సుమారు పందొమ్మిది వందల ఏండ్ల చరిత్ర.

కొన్ని సంవత్సరముల క్రిందట యాత్రకు వెళ్లిన ఒక బృందములో మేమును ఉన్నాము. గురువులు, ఉపాధ్యాయులు, స్త్రీల మైత్రి సభ్యురాండ్రు కలిసి 26 మందిమి. టర్కీ దేశములోని ఇజ్మీరులో రాత్రి బస చేసినాము. ప్రకటన గ్రంథములోని స్ముర్న ఇదే. ఉదయమున బస్సులో దక్షిణముగా సుమారు 80 కిలోమీటర్లు ప్రయాణము చేసి సెల్చుక్ అను చిన్న ఊరు చేరినాము. ఎఫెసు శిథిలములు ఆ ఊరి ప్రక్కనే ఉన్నవి. మా గైడు ఏబది యేండ్ల టర్కీ దేశస్థుడు, ముస్లిము. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము మాలో కొందరికంటె అతనికే బాగుగా తెలియునని మొదటి గంటలోనే గ్రహించి సిగ్గుపడినాము.

ఎగువ ద్వారమున ప్రవేశించి, పాలరాతి పలకలు పరచిన వీధి వెంబడి క్రిందికి నడిచినాము. రెండు కొండల నడుమ ఆ వీధి మెల్లగా దిగుచు సెల్సు గ్రంథాలయము ఎదుటికి చేరును. రెండంతస్తుల ఆ ముఖభాగమును ఆస్ట్రియా దేశపు పండితులు 1970-78 మధ్య రాయి రాయి చేర్చి మరల నిలిపినారు. ఆసియ అధిపతిగా పనిచేసిన సెల్సు జ్ఞాపకార్థము అతని కుమారుడు దీనిని కట్టించినాడు. సెల్సు సమాధి ఆ కట్టడములోనే ఉన్నది. మాలో ఒక సహోదరి, “పౌలుగారు ఈ మెట్ల మీద నడిచియుందురు గదా!” అన్నది. గైడు చిరునవ్వుతో, “లేదమ్మా, ఇది రెండవ శతాబ్దపు కట్టడము. పౌలు వెళ్లిన ఏబది యేండ్లకు పైగా గడచిన తరువాత కట్టినారు” అని చెప్పినాడు. పిమ్మట వంగి ఒక మెట్టు మీద వ్రేలు పెట్టి చూపినాడు. ఏడు కొమ్మల దీపస్తంభము అక్కడ చెక్కబడియున్నది. ఎవరో యూదుడు ఏనాడో చెక్కినది. యాత్రికుల పాదములక్రింద అరిగిపోవుచున్నది. ఎఫెసు సంఘమునకు ప్రభువు వ్రాయించిన హెచ్చరిక మా అందరికి జ్ఞాపకము వచ్చినది. ఎవరును మాటలాడలేదు.

అక్కడనుండి నాటకశాలకు వెళ్లినాము. కొండ వాలును తొలచి కట్టిన ఆ మెట్ల వరుసలలో సుమారు 24,000 మంది కూర్చుండవచ్చును. కంసాలియైన దేమేత్రియు రేపిన అల్లరిలో జనులు గాయియును అరిస్తార్కును ఈడ్చుకొని వచ్చి, రెండు గంటలసేపు తమ దేవి పేరు కేకలు వేసినది ఇక్కడనే. దేవి మీది భక్తికంటె వెండి గుళ్ల వ్యాపారము పోవునను భయమే ఆ అల్లరికి మూలమని లూకా దాచక వ్రాసినాడు. చివరకు వారిని శాంతపరచినవాడు అపొస్తలుడు కాడు, ఆ పట్టణపు కరణము.

నాటకశాల పైమెట్టున నిలిచి పడమటి దిక్కుకు చూచినాము. స్తంభముల నడుమ సుమారు అర కిలోమీటరు పొడవున ఒక రాచబాట తిన్నగా వెళ్లి రెల్లుగడ్డిలో అంతమైనది. ఒకప్పుడు రాత్రివేళ దీపములు వెలిగించిన బాట అది. “ఇది ఓడరేవు వీధి” అన్నాడు గైడు. “సముద్రమేది?” అని అడిగినాము. “ఇక్కడికి అయిదారు కిలోమీటర్ల దూరమున ఉన్నది” అన్నాడు.

అప్పుడు అతడు చెప్పిన సంగతి ఆనాడు మేము చూచిన రాళ్లన్నిటికంటె మాకు ఎక్కువగా జ్ఞాపకమున్నది. కైస్త్రు నది ఏటేట ఒండ్రుమట్టి తెచ్చి రేవులో వేయుచుండెను. క్రీ.పూ. రెండవ శతాబ్దములో పెర్గము రాజైన అత్తలు ఈ రేవును బాగుచేయదలచినాడు. ముఖద్వారమును ఇరుకు చేసినయెడల లోపల నీరు లోతుగా నిలుచుననియు, పెద్ద ఓడలు రాగలవనియు అతని ఇంజనీర్లు తలంచినారు. అందుచేత అడ్డముగా ఒక కట్ట కట్టించినాడు. కాని అంతకుముందు సముద్రపు పోటుపాట్లు మట్టిని వెలుపలికి కొనిపోవుచుండెడివి. ద్వారము ఇరుకైన తరువాత మట్టి లోపలనే నిలిచిపోయినది. రేవు మునుపటికంటె త్వరగా పూడినది. భూగోళ శాస్త్రవేత్త స్త్రాబో ఈ సంగతిని గ్రంథస్థము చేసినాడు. తరువాత రోమా అధికారులు పూడిక తీయించినారు. హద్రియను చక్రవర్తి నదినే మళ్లింప ప్రయత్నించినాడు. అయినను మట్టిదే పైచేయి అయినది.

మన కోస్తా ప్రజలకు ఇది అర్థము కాని సంగతి కాదు. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిచ్చి శాసనము వేయించిన మోటుపల్లి రేవు నేడు ఒక చిన్న పల్లె. రేవు పోయినచోట పట్టణము నిలువదు. ఎఫెసులోను అట్లే జరిగినది. భూకంపములు, దండయాత్రలు, మలేరియా కూడ తోడైనవి. జనులు క్రమముగా దగ్గరలోని కొండకు తరలిపోయినారు.

రేవు ప్రక్కనే మరియమ్మ దేవాలయపు గోడలున్నవి. క్రీ.శ. 431లో మూడవ సార్వత్రిక సభ ఎఫెసులో కూడి, నెస్తోరియును పదవినుండి తొలగించి, మరియను దేవమాత అని పిలుచుట యుక్తమని నిర్ణయించినది. వేదాంత కళాశాలలో ఆ సభను గూర్చి పరీక్ష వ్రాసి ఉత్తీర్ణులమైనాము గాని, అక్కడ నిలిచినప్పుడు ఆ వాదములేవియు నోటికి రాలేదు. కప్పు లేని ఆ గుడిలో పది నిమిషములు తెలుగులో ప్రార్థన చేసికొన్నాము. గైడు టోపీ తీసి దూరముగా నిలిచినాడు.

మధ్యాహ్నము అర్తెమి గుడి చూచినాము. సప్త ఆశ్చర్యములలో ఒకటిగా లోకమంతయు పొగడిన ఆ గుడి స్థలమును 1869లో జాన్ టర్టిల్ వుడ్ అను ఆంగ్లేయుడు మట్టి క్రింద కనుగొన్నాడు. నేడు ముక్కలు చేర్చి నిలిపిన ఒక్క స్తంభమే ఉన్నది. దాని శిఖరమున ఒక కొంగ గూడు. అది అక్టోబరు మాసము గనుక గూడు ఖాళీగా ఉన్నది.

సాయంకాలము అయసులుక్ కొండ ఎక్కినాము. యోహాను సమాధియని నమ్మబడిన చోట ఆరవ శతాబ్దములో యుస్తినియను చక్రవర్తి సిలువ ఆకారమున కట్టించిన మహాదేవాలయము అక్కడ శిథిలమై ఉన్నది. క్రింద 1375 నాటి ఈసా బే మసీదు, ఆవల ఆ ఒంటరి స్తంభము ఒకే చూపులో కనబడినవి. సంఘము ఎప్పుడు అంతరించినదని అడిగినాము. ఈ ప్రాంతపు కొండపల్లెలలో 1922 వరకు గ్రీకు క్రైస్తవులు ఆరాధించుచుండిరని గైడు చెప్పినాడు. యుద్ధమందు వారు పారిపోయినారు. 1923 జనవరిలో లోజానులో జరిగిన ఒప్పందము వలన ఇరు దేశముల ప్రజల మార్పిడి స్థిరపడినది. పది లక్షలకు మించిన ఆర్థడాక్సు క్రైస్తవులు గ్రీసుకును, మూడున్నర లక్షలకు పైగా ముస్లిములు టర్కీకిని చేరినారు. “మా తాతగారు చిన్నపిల్లవాడుగా గ్రీసులోని కవాలా నుండి వచ్చినాడు. ఎవరో గ్రీకు కుటుంబము విడిచిన ఇంటిలో పెరిగినాడు. వారి దేవుని పటము పెట్టిన గూడు గోడలో అట్లే ఉండెడిది. తాతగారు దానిని పూడ్చనీయలేదు” అన్నాడు.

ఆ పల్లెల రైతుల పాపమునుబట్టి వారి దీపము తీసివేయబడినదని మేము చెప్పము. రాజ్యముల పోరాటములో నలిగిన బీదలు వారు. అయితే రేవు సంగతి వేరు. దానిని ఇరుకు చేసినవారు మేలు తలంచియే చేసినారు.

ఇక్కడ మా తప్పిదము ఒకటి ఒప్పుకొనవలెను. మేము పూర్వము పనిచేసిన ఒక పాస్టరేటులో గుడి గోపురము కట్టదలచినాము. గోపురపు చందా చెల్లించని కుటుంబముల వివాహ ప్రకటనలు చదువరాదని కమిటీ తీర్మానించినది. అధ్యక్ష స్థానమున కూర్చుండి మేమే సంతకము చేసినాము. సంఘము బలపడునని తలంచినాము. గోపురము పూర్తి అయినది. చెరువు అవతలి గూడెమునుండి వచ్చు తొమ్మిది కుటుంబములు రెండేండ్లలో రాక మానినవి. కులము వలన, ఊరి పట్టుదలల వలన, చందాల వలన మనము కట్టిన ఇట్టి కట్టలు మన మండలములో ఇంకను ఎన్ని ఉన్నవో ఈ శతాబ్ది వత్సరములో లెక్కింపవద్దా?

యాత్రనుండి వచ్చిన తరువాత ఒక ఆదివారము సాయంత్రము ఆ గూడెమునకు వెళ్లినాము. ఒక వృద్ధురాలు మమ్మును గుర్తుపట్టి మంచము వాల్చి, మంచినీళ్లు ఇచ్చి, “గోపురం పూర్తయిందంటగా అయ్యగారూ, బాగుందా?” అని అడిగినది. ఆమె ఎత్తిపొడుపుగా అడుగలేదు. నిజముగా తెలిసికొనగోరి అడిగినది. ఆమె దానిని ఎన్నడును చూడలేదు.

ఆమెను క్షమింపుమని వేడుకొని, ఆ ఇంటిలో ప్రార్థన చేసి వచ్చినాము. మరల గుడికి రమ్మని ఆమెను అడుగుటకు ఆ దినమున మాకు నోరు రాలేదు. ఇప్పుడు ఆ పాస్టరేటులో ఉన్న అయ్యగారిని వెంటబెట్టుకొని రెండవసారి వెళ్లినాము. మూడవసారియు వెళ్లవలసియున్నది.