మీటిన తీగ, పండితుల తగవు

రేడియోలో సంగీత కచేరి ఆరంభమగుటకు ముందు ఒకటి రెండు క్షణములు తంబురా శ్రుతి ఒక్కటే వినవచ్చుచుండును. గాయకుడింకను గొంతు విప్పలేదు, మృదంగమింకను పలుకలేదు. నాలుగు తీగలు మాత్రము ఒకదాని తరువాత ఒకటి మ్రోగుచు ఇల్లంతయు నింపుచుండును. ఆ క్షణములలో మనలో ఎవ్వరమును భౌతికశాస్త్రమును తలపోయము. కాని ఆ తీగ యెట్లు కదలుచున్నది, దాని కదలికను ఒక సూత్రమున బంధింపవచ్చునా యను ప్రశ్న పదునెనిమిదవ శతాబ్దమున యూరపు పండితులలో మిక్కిలి గొప్పవారిని కొన్ని దశాబ్దములు తగవులాడించినది. ఆ తగవు కథయే మేమిప్పుడు చెప్పబోవునది.

తీగ పొడవును సగము చేసినచో స్వరము పై స్థాయికి పోవునని ప్రాచీన గ్రీకులకు తెలియును. వీణ మెట్లు అమర్చు మన పనివానికిని అది చేతికి తెలిసిన విద్యయే. కాని పొడవుతోపాటు బిగువును, బరువును కూడ లెక్కలోనికి తెచ్చి నియమములను గ్రంథస్థము చేసినవాడు ఫ్రాన్సు దేశపు సన్న్యాసి మెర్సెన్. 1636లో ఆయన ప్రకటించిన సంగీత గ్రంథమున ఈ నియమములు కలవు. బిగువు నాలుగింతలు చేసినగాని కంపనముల సంఖ్య రెండింతలు కాదు. తీగ బరువు నాలుగింతలైనచో ఆ సంఖ్య సగమగును. చిన్న తీగ కంపనములు కంటికి అందవు గనుక ఆయన మిక్కిలి పొడవైన త్రాళ్లను కట్టి, వాని ఊపులను కంటితో చూచి లెక్కించెను. ఉపాయము సులభమైనదే, అది తోచుటయే కష్టము.

మెర్సెన్ నియమములు ఎంత సత్యములైనను అవి అనుభవమున దొరకినవి. ఎందులకట్లు జరుగుచున్నది అను దానికి ఉత్తరము అందు లేదు. న్యూటను బలశాస్త్రము వచ్చిన తరువాత ఇంగ్లండులో బ్రూక్ టేలర్ 1713లో ఆ పనికి పూనుకొనెను. తీగలోని ఒక చిన్న తునకను తీసికొందము. దానిని రెండు ప్రక్కల నుండియు తీగ బిగువు లాగుచున్నది. తునక తిన్నగా ఉన్నచో రెండు లాగుడులును ఒకదానినొకటి రద్దు చేసికొనును. తునక వంగియున్నచో ఆ రెండును ఒకే రేఖపై ఉండవు. వంపు లోపలి వైపునకు కొంత లాగుడు మిగులును. వంపు ఎక్కువైనకొలది ఈ మిగులు ఎక్కువ. ఆ తునకకు త్వరణమునిచ్చునది అదియే. విషయమంతయు ఇంతియే. తరంగ సమీకరణమని నేడు పాఠ్యపుస్తకములలో కనబడునది ఈ వాక్యమునకు గణితపు వ్రాత మాత్రమే: తీగపై ఏ చోటనైనను, ఏ క్షణముననైనను, త్వరణము ఆ చోటి వంపునకు అనుపాతమున ఉండును. ఆ అనుపాతపు సంఖ్య బిగువును మీటరు తీగ బరువుచే భాగింపగా వచ్చునది. కంపనము చిన్నదైయుండవలెను, తీగ మెత్తగా వంగునదైయుండవలెను. ఈ రెండు షరతులను మాత్రము మరువరాదు.

దీనిని ఏకపరిమాణ సమీకరణమని యేల అందురు? తీగ మీద ఒక చోటును చెప్పుటకు ఒక్క సంఖ్య చాలును: ఈ కొన నుండి ఇంత దూరమని. మృదంగపు మూతపై ఒక చోటును చెప్పుటకు రెండు సంఖ్యలు కావలెను. గదిలోని గాలికి మూడు. తీగ అన్నిటికన్న సులభమైనది గనుకనే కథ అక్కడ మొదలైనది.

టేలర్ ఒక్క వక్రమునే గుర్తించెను. తీగ సైను వక్రపు ఆకారమున వంగి ఊగుననియు, ఎట్లు మీటినను తుదకు ఆ యాకారమునకే వచ్చుననియు అతని నమ్మకము. సమీకరణమును పూర్తిగా వ్రాసి, దాని సాధనలన్నిటిని చూపినవాడు ఝాఁ దాలంబేర్. ఈయన చరిత్ర చిత్రమైనది. 1717లో పారిసులోని ఒక చర్చి మెట్లపై విడువబడిన పసికందు ఈయన. ఆ చర్చి పేరే బిడ్డకు పెట్టిరి. కిటికీలకు అద్దములు బిగించు పనివాని భార్య ఆయనను పెంచెను. యూరపంతట పేరు వచ్చిన తరువాత కూడ నలుబది ఎనిమిదవ యేటి వరకు ఆయన ఆ తల్లి ఇంటనే నివసించెను.

బెర్లిను అకాడమీ వారి 1747వ సంవత్సరపు సంపుటమున దాలంబేర్ వ్యాసము చేరినది. అది అచ్చైనది 1749లో. అందు తేలినది ఇది: తీగ కదలిక యెంత చిక్కుగా కనబడినను, అది రెండే ఆకారముల మొత్తము. ఒక ఆకారము చెక్కుచెదరక కుడివైపునకు సాగిపోవును. రెండవది అదే వేగమున ఎడమవైపునకు సాగిపోవును. ఆ యాకారములు సైను వక్రములే కానక్కరలేదు.

శ్రోతలు దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. బట్టలారవేయు త్రాటిని బిగించి కట్టి ఒక కొన వద్ద చేతితో చటుక్కున కొట్టినచో ఎద్దు మూపురము వంటి చిన్న ఉబ్బు త్రాడు వెంట పరుగెత్తును. ఆవలి మేకును చేరి తలక్రిందులై తిరిగి వచ్చును. రెండు కొనల నుండి ఇద్దరొకేసారి కొట్టినచో రెండు ఉబ్బులును నడుమ కలిసికొని, ఒకదానిలో నుండి ఒకటి దూరి, ఏమియు జరుగనట్లు తమ దారిని పోవును. విద్యార్థులు ఇచ్చట ఒక పొరపాటు చేయుదురు. పరుగెత్తునది ఆకారము, త్రాడు కాదు. త్రాటి మీద ఒక ఎఱ్ఱ దారము ముడి వేసి చూడుడు: అది ఉన్నచోటనే పైకిని క్రిందికిని ఊగునే గాని ఆవలికి పోదు. ఉబ్బు సాగు వేగము వేరు, తునక ఊగు వేగము వేరు. సమీకరణమున కనబడు వేగము మొదటిది. ఈ రెండింటిని కలగలిపినవానికి పాఠమంతయు అయోమయమగును.

ఒక లెక్క చూతము. తీగ పొడవు 1 మీటరు, బరువు 1 గ్రాము, బిగువు 4 కిలోల రాయిని వ్రేలాడదీసినంత. అప్పుడు ఉబ్బు వేగము సెకనునకు సుమారు 200 మీటర్లు. కొన నుండి కొనకు పోయి తిరిగి వచ్చుటకు 2 మీటర్ల ప్రయాణము. అనగా సెకనునకు 100 సార్లు. రెండు కొనల వద్దను తలక్రిందులైన ఆకారము తిరిగి మొదటి రూపునకు వచ్చుట కూడ సెకనునకు 100 సార్లే. ఆ తీగ స్వరపు కంపనముల సంఖ్య అదియే! మెర్సెన్ త్రాళ్లు కట్టి లెక్కించిన నియమములన్నియు ఈ రాకపోకల లెక్కలో నుండి వాటంతట అవే వెడలివచ్చును.

ఇంతవరకు తగవు లేదు. తగవు వైణికుని వ్రేలి వద్ద వచ్చినది.

తీగను వ్రేలితో పైకి లాగి విడువబోవు క్షణమున దాని యాకారమెట్లుండును? రెండు తిన్నని గీతలు, నడుమ ఒక కోణము. ఇంటి కప్పు వలె ఉండును. సమీకరణము ప్రతి బిందువు వద్దను వంపెంత అని అడుగుచున్నది. ఆ కోణము వద్ద వంపెంత? దానికి ఉత్తరము లేదు. కాబట్టి కోణమున్న ఆకారములకు తన సాధన వర్తింపదని దాలంబేర్ వాదించెను. తీగ తొలి యాకారము ఒకే గణిత సూత్రముచే చెప్పదగినదై యుండవలెనని ఆయన పట్టు. అనగా లోకమున ప్రతి వాద్యకారుడును నిత్యము చేయు పని ఆయన గణితమున నిషిద్ధమైనది. దీనిని చూచి నవ్వుకొనుట సులభమే గాని, ఆయన యడిగిన ప్రశ్న సరియైన ప్రశ్నయని మా అభిప్రాయము.

లియొనార్డ్ ఆయిలర్ అంగీకరింపలేదు. అప్పుడాయన బెర్లినులో ఉండెను. ఒక కంటి చూపు అప్పటికే పోయినది. 1748లో ఆయన వ్రాసిన వ్యాసమున, చేతితో తోచినట్లు గీసిన గీత యైనను తీగ తొలి యాకారము కావచ్చుననెను. ప్రకృతి తీగను కదలించుటకు ముందు గణితజ్ఞుని అనుమతి అడుగదు గదా! కోణము రెండుగా చీలి ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పోవును. నడుమ తిన్నని భాగము వెడల్పగుచు వచ్చును. మనము చెప్పుకొనిన తీగను సరిగా నడుమ మీటినచో సెకనులో 400వ వంతున తీగ మొత్తము తిన్ననై, అంతే కాలమున తిరిగి క్రిందివైపున కోణముగా తేలును. తీగ ఊగుట యనగా విల్లు వలె గుండ్రముగా వంగుటయని మనమనుకొందుము. నిజమునకు మీటిన తీగ మొదటి ఊపులలో మూలలు గల ఆకారములతోనే కదలును.

మూడవవాడు దానియేలు బెర్నూలీ. బేసెలు నగరమున ఉండిన ఈయన 1753లో చెవి సాక్ష్యమును తెచ్చెను. ఒక తీగ మ్రోగునపుడు మూలస్వరముతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కంపనములు గల స్వరములు కూడ సన్నగా వినవచ్చును. 1701 ప్రాంతమున ఫ్రాన్సులో సోవేర్ ఈ యనుస్వరములను శ్రద్ధగా పరిశీలించి, కదలని బిందువులను గుర్తించియుండెను. సోవేరునకు వినికిడి సరిగా లేదని చెప్పుదురు. ధ్వనిశాస్త్రమునకు పేరు పెట్టినవాడాయనయే! కావున తీగ యెట్లు కదలినను అది సైను వక్రముల కూడిక మాత్రమే అని బెర్నూలీ తేల్చెను. ఆయిలర్, దాలంబేర్ తమ తగవును క్షణము మరచి, ఇద్దరును కలిసి బెర్నూలీని కాదనిరి. మెత్తని వంపులను ఎన్ని కూడినను కోణమెట్లు వచ్చునని వారి సందేహము.

1759లో ట్యూరినులో ఇరువది మూడేండ్ల లగ్రాంజి నాలుగవవాడుగా ప్రవేశించెను. బరువులేని దారముపై పూసలు గ్రుచ్చినట్లు తీగను ఊహించి, పూసల సంఖ్యను అనంతముగా పెంచి, ఆయిలర్ పక్షమున తీర్పు చెప్పెను. ఆ లెక్కలో ఆయన బెర్నూలీకి కావలసిన సూత్రము గడప దాక వచ్చి, లోపలికి పోక మరలెను. తగవు తీరలేదు. 1782లో బెర్నూలీయు, 1783లో కొద్ది వారముల ఎడముతో ఆయిలరును, దాలంబేరును గతించిరి.

తీర్పు తీగ నుండి రాలేదు, వేడి నుండి వచ్చినది. 1807 డిసెంబరున ఫూరియే పారిసులో లోహములందు వేడి వ్యాపించుటను గూర్చిన వ్యాసమును సమర్పించెను. కోణములున్న ఆకారములను సైతము సైను వక్రముల కూడికగా వ్రాయవచ్చునని అందు చూపెను. ప్రతి వక్రము యెంత పాలో లెక్క కట్టు సూత్రమును ఇచ్చెను. పరీక్షకులలో ఒకడు డెబ్బది యొకటవ యేట నున్న లగ్రాంజియే. ఆయన ఒప్పుకొనలేదు! ఫూరియే గ్రంథము 1822లో గాని వెలువడలేదు. 1829లో డిరిక్లే ఏ షరతులకు లోబడి ఆ కూడిక నిలుచునో నిరూపించెను. కోణము వద్ద వంపెంతయను దాలంబేర్ ప్రశ్నకైతే సంపూర్ణమైన ఉత్తరము ఇరువదవ శతాబ్దమునగాని రాలేదు. సోబొలేవు, లోరాఁ ష్వార్ట్‌జు అను గణితజ్ఞులు సాధన యను మాటకే అర్థమును విశాలము చేసిరి.

ఈ నడుమ సమీకరణము తీగను విడిచి దూరము పోయినది. 1865లో మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సిద్ధాంతమున అదే రూపము గల సమీకరణమును చేరి, అందలి వేగము కాంతివేగముతో సరిపోవుటను చూపెను. సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. 1888 నాటికి హెర్ట్‌జు ఆ తరంగములను ప్రయోగశాలలో పుట్టించెను. విజయవాడలో పలికిన మాటను మోసికొని తరంగము హైదరాబాదు చేరుటకు సెకనులో వేయవ వంతు కూడ పట్టదు. మీ యింటి రేడియో ఏరియలును చేరునది ఆ బట్టల త్రాటి మీది ఉబ్బునకు చుట్టమే.

తీగ కథలో మన దేశపు ఘట్టమొకటి కలదు. ఫూరియే సూత్రము ప్రకారము సరిగా నడుమ మీటిన తీగలో మూలస్వరపు పాలు 1 అయినచో మూడవదానిది 1/9, ఐదవదానిది 1/25. రెండవది, నాలుగవది అసలే ఉండవు. ఏ యనుస్వరమునకు కదలని బిందువో అచ్చట మీటినచో ఆ యనుస్వరము పుట్టదని థామస్ యంగ్ 1800లోనే చెప్పియుండెను. బాల్యమును విశాఖపట్టణమున గడపిన సి. వి. రామను 1921లో వీణను, తంబురాను పరిశీలించి, ఈ నియమము వానియందు చెల్లదని ప్రకటించెను. పుట్టరాని అనుస్వరము ఆ వాద్యములలో బలముగా వినవచ్చుచున్నది. సమీకరణము తప్పలేదు, తీగ కొన ఒక బిందువు వద్ద కట్టియున్నదను మన ఊహ తప్పినది. ఫిడేలు గుఱ్ఱపు అంచు పదునైనది. వీణ గుఱ్ఱపు పైభాగము వెడల్పుగా, కొంచెము గుండ్రముగా ఉండును. ఊగినపుడెల్ల తీగ దానిని రాచికొనుచు, విడుచుచు ఉండును. తీగ పొడవే క్షణక్షణము మారుచున్నదన్నమాట. తంబురాలో తీగకును గుఱ్ఱమునకును నడుమ సన్నని దారపు పోగును చొప్పించి, వెంట్రుకవాసి ఇటునటు జరుపుచు, అనుస్వరములు విచ్చుకొను చోటు దొరకువరకు గాయకుడు చెవియొగ్గి వినుచుండును.