విద్యుత్ కారు బ్యాటరీ క్షీణత (సిద్దిపేట ప్రాంతం)

లిథియం అయాన్ బ్యాటరీలో నిల్వ సామర్థ్యం క్రమంగా తగ్గడమే క్షీణత. కారు కదలకపోయినా కాలంతో వచ్చేది ఒకటి, ఛార్జింగ్, వాడకాల వల్ల వచ్చేది మరొకటి. రెంటికీ ప్రధాన కారణం గ్రాఫైట్ ఆనోడ్‌పై ఏర్పడే ఎస్‌ఈఐ (సాలిడ్ ఎలక్ట్రోలైట్ ఇంటర్‌ఫేజ్) పొర. 1979లో శాస్త్రవేత్త పెలెడ్ వివరించిన ఈ పొర లేనిదే సెల్ మన్నదు. అది మందమయ్యే కొద్దీ పనికొచ్చే లిథియం అందులో చిక్కుకుపోతుంది. వేడి ఆ పెరుగుదలను వేగిరపరుస్తుంది.

మే నెలలో 40 డిగ్రీలు దాటే సిద్దిపేటలో వేడిదే పైచేయి. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే లిథియం లోహంగా పేరుకుంటుందన్న హెచ్చరిక చలి దేశాలది. ఇక్కడ దాని అవసరం దాదాపు లేదు. ఫాస్ట్ ఛార్జింగే అసలు శత్రువని కొందరంటారు. నిండు ఛార్జ్‌తో ఎండలో నిలిపి ఉంచడమే ఎక్కువ చేటన్న వాదనకు ఆధారాలు గట్టిగా కనిపిస్తాయి. ద్రవ శీతలీకరణ లేని నిస్సాన్ లీఫ్ కార్ల సామర్థ్యం త్వరగా పడిపోయిందని 2012లో గగ్గోలు రేగింది అమెరికాలోని ఎడారి నగరం ఫీనిక్స్‌లోనే.

ఛార్జింగ్‌ను 80 శాతం వద్ద ఆపాలన్న సూత్రం ముఖ్యంగా నికెల్ రకం (ఎన్‌ఎంసీ) సెల్‌లకు చెందింది. ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్‌ఎఫ్‌పీ) రకాన్ని అప్పుడప్పుడు నిండా ఛార్జ్ చేయాలి. దాని వోల్టేజ్ చాలామేరకు మారదు కనుక, లేకుంటే మీటరు లెక్క తప్పుతుంది. శాస్త్రవేత్తలు పాధి, నంజుండస్వామి, గుడెనఫ్‌లు బ్యాటరీకి పనికొస్తుందని చూపిన ఈ ఐరన్ ఫాస్ఫేట్ పదార్థానికి 1996 అని, 1997 అని రెండు తేదీలు చెబుతారు. సదస్సులో వెల్లడించింది మొదటి ఏడాది, పత్రం అచ్చయింది రెండో ఏడాది.

సిద్దిపేట నుంచి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. పోయి రావాలంటే చిన్న బ్యాటరీ కార్లకు 80 శాతం బొటాబొటీ. ఆ రోజు నిండా ఎక్కించుకోవడంలో తప్పులేదు, నిండాక బయల్దేరాలంతే. మధ్యాహ్నం హైవే మీంచి వచ్చిన బండిని కాసేపు నీడన ఆపి, తెల్లవారుజామున ఇంటి 15 ఆంపియర్ల ప్లగ్గుతో నెమ్మదిగా ఛార్జ్ చేయడం మేలు. ఊరికి వెళ్తూ రోజుల తరబడి వదిలేసేటప్పుడు దాదాపు సగం ఛార్జ్ చాలు.

ఎల్‌ఎఫ్‌పీ సెల్‌ల టాటా నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో విడుదలైంది. అప్పటి బ్యాటరీ హామీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. కాలం లెక్కన తొలి కార్ల హామీ 2028లో ముగుస్తుంది. రోజూ తిరిగే ట్యాక్సీలకు కిలోమీటర్ల పరిమితి అంతకన్నా ముందే నిండవచ్చు.