నావికుల వెండిగొలుసులు

కొన్ని యేండ్ల క్రిందట నెల్లూరు చిన్నబజారున నొక కంసాలి యంగడిలో, పాతవెండి బుట్టయందు, పట్టీలు, మొలత్రాళ్ల ముక్కలు, భరిణె మూతల నడుమ నొక ముంజేతి గొలుసు నాకు కనబడినది. స్త్రీలు ధరించునది కాదు. బలమైన కడియలు, నడుమ నొక పలక. పలకమీద ఆంగ్లాక్షరములతో నొక నావికుని పేరు, సంఖ్య. వెనుకనున్న చిన్న ముద్రలలో నొక లంగరు. "ఓడవాని దగుటచేతనే లంగరు కొట్టినారయ్యా" అని కంసాలి చెప్పెను. నేనును నమ్మి, తూకపు వెల యిచ్చి తెచ్చుకొంటిని.

మా యిద్దఱిదియు పొరపాటే. ఆ లంగరు బర్మింగుహాము పట్టణపు వెండిపరీక్షశాల 1773 మొదలు వేయుచున్న ముద్ర. ఆ పట్టణమునకు సముద్రమే లేదు! ప్రక్కనున్న సింహము, వేయిపాళ్లలో 925 పాళ్లు వెండి యని తెలుపును. దీనినే స్టెర్లింగు వెండి యందురు. వేఱొక యక్షరము పరీక్షించిన సంవత్సరమును తెలుపును. కావున నావికుని ముద్రలలో వెదకరాదు, పలకమీద వెదకవలెను.

శ్రోతలారా, మగవానికి గొలుసెందుకని మీ రడుగవచ్చును. బ్రిటిషు సైన్యము 1907 నుండి సిపాయికి అల్యూమినియపు గుర్తుబిళ్ల నిచ్చెడిది. 1914లో దానిని మాని, నారను గట్టిగా నదిమి చేసిన బిళ్ల నిచ్చిరి. 1916 నుండి రెండేసి యిచ్చిరి: ఎఱ్ఱనిది మృతుని మెడనుండి తీసికొనిపోవుటకు, ఆకుపచ్చనిది శవముతో నుండుటకు. కాని తడినేలలో నార చివికిపోవును. అందుచేత ననేకులు తమ సొంత సొమ్ముతో వెండిగొలుసులు చేయించుకొనిరి. కొందఱికి తల్లులో భార్యలో కొని యిచ్చిరి. తన శరీరము పరాయి యొడ్డునకు చేరినచో, చూచినవాడు పేరు చదువవలె నను కోరికయే యా సొమ్ము. మన తీరమువారి కిది వింత కాదు. తుపాను పిమ్మట కొట్టుకొనివచ్చిన వానిని మొలత్రాటినిబట్టియు, పచ్చబొట్టునుబట్టియు పోల్చుకొనిన సంగతులు మా పెద్దలు చెప్పుచుండెడివారు.

ఆ యుద్ధములు మనకు దూరమున జరిగిన వనుకొనరాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. ఆ దినముననే అక్యాబు రేవున 'ఇండసు' అను మన యుద్ధనౌక మునిగినది. ఆ యుద్ధమున మరణించి, సముద్రము తప్ప వేఱు సమాధి లేనివారు రాయల్ ఇండియన్ నేవీలో నన్నూఱుమందికి పైగా, వర్తకపుటోడల కళాసులలో నించుమించు ఆఱువేలమంది. వారి పేళ్లు ముంబయిలో నొక గ్రంథమునను, చట్టగ్రామములో నొక గ్రంథమునను వ్రాయబడియున్నవి. కళాసుల జీతము తెల్ల నావికుని జీతములో స్వల్పభాగము. వారికి వెండిగొలుసు లెక్కడివి?

మనవారి పేళ్లు వెండిమీద నున్నచోటు వేఱొకటి కలదు. 1914-18 యుద్ధానంతరము సిపాయిల కిచ్చిన వెండిపతకపు టంచున సంఖ్య, హోదా, పేరు, దళము కొట్టబడియుండును. ఇది చదివి నేను మరల నా కంసాలియొద్దకు పోతిని. అట్టి దొకటి ముందుదినముననే కరగించినా డట! "రాజు బొమ్మ యుండినది, అంచున నేవో గీతలుండినవి" అని, మూసలోనుండి తీసిన వెండిముద్దను చూపెను. అమ్మినవాడు ఏ యూరివాడో అతని కెఱుకలేదు. ఆ ముద్దను చేతబట్టుకొని నేను చాలసేపు నిలువబడితిని.

మీ యింట నట్టిదున్నచో విభూతితోను చింతపండుతోను తోమకుడు. తోమినకొలది నక్షరము లరిగిపోవును. పలకమీద పలుచని కాగిత ముంచి పెన్సిలుతో మెల్లగా రుద్దినచో, కంటికి కనబడని యక్షరముకూడ తేలును. దీపము నేటవాలుగా పట్టి చూచుటయు మంచిదే.

కంసాలి యిప్పుడు అక్షరము లున్న దేది వచ్చినను నాకు కబురు పంపును. క్రిందటి మాఘములో నట్లే పిలిచెను. తీరగ్రామమునుండి యొక ముసలమ్మ తన తాతగారి పతకమును తెచ్చినది. అది కంచుది, కూలిదళములవారికి వెండి యియ్యక కంచు పతకములే యిచ్చిరి. వెలలేని దగుటచేతనే అది యింతకాలము మూసలో పడకుండ నిలిచినది. నేను అంచు త్రిప్పుచు తాతగారి పేరు చదివితిని. ఆమె మఱియొకసారి చదువు మన్నది. పతకమును కొంగున ముడివేసికొని తీసికొనిపోయినది. రుద్దిన కాగితము నాయొద్ద నున్నది.