పిల్లల చదువు: సాహిత్య చరిత్ర వదిలేసిన అధ్యాయం

మన సాహిత్య చరిత్రకారులకు ఒక అలవాటుంది. వాళ్ళు రచయితతో మొదలుపెడతారు. పాఠకుడు మాత్రం ఎక్కడినుంచో తయారై వచ్చాడనుకుంటారు. గ్రాంథిక వ్యావహారిక వివాదం మీద మనం వేల పుటలు రాసుకున్నాం. ఒక కూలివాని కూతురు రెండో తరగతిలో 'పుస్తకం' అనే మాట దగ్గర ఎందుకు ఆగిపోతుందో రాసుకోలేదు. ఆ పిల్లను ఆ మాట దాటించవలసిన పంతులమ్మకు ఎవరు ఏ సాయం చేశారో అసలే రాసుకోలేదు. చదవలేని ప్రజలకు ప్రజాసాహిత్యం ఏమిటి? ముప్ఫై ఏళ్ళు తెలుగు పంతులుగా పనిచేసి, చిక్కడపల్లిలో కాపురముంటూ నారాయణగూడ మీదుగా బడికి నడిచినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలలేదు.

నారాయణగూడతోనే మొదలుపెడతాను. నిజాం రాజ్యంలో బోధనా భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య నేర్పి దేశభాషలకు ఆ శక్తి ఉందని నిరూపించింది. ఆ ఘనతను కాదనలేం. కాని రాజ్యంలో అధిక సంఖ్యాకులకు ఆ భాష ఇంటి భాష కాదు. తెలుగులో బడి పెట్టుకుందామంటే సర్కారు అనుమతి కావాలి. ఈ పరిస్థితిలో మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను నెలకొల్పారు. ఆడపిల్లలకు, అందులోనూ తెలుగులో, ఉన్నత పాఠశాల. పాఠాలు చెప్పుకోవచ్చు సరే, పరీక్ష ఎవరు పెడతారు? పట్టా ఎవరిస్తారు? తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు ఉస్మానియాలో చోటు లేదు. అందుకని ఆ బడిని పూనాలో కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. మాతృభాషలో పరీక్ష రాయనిచ్చే సంస్థ అది. నారాయణగూడలో తెలుగు చదివిన పిల్లకు ముద్ర మరాఠీ దేశం నుంచి రావలసి వచ్చిందన్నమాట! ఈ ఒక్క సంగతి ఆనాటి రాజకీయాన్నంతా చెబుతుంది.

అయితే ఈ కథను మనం చెప్పుకునే తీరులో ఒక లోపముంది. మధ్యతరగతి చరిత్ర 1928 దగ్గర మొదలవుతుంది. అంతకు చాలా ముందే, 1910 నుంచి, భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజారు, లింగంపల్లి వంటి పేటల్లో అస్పృశ్యులుగా వెలివేసిన కులాల పిల్లలకు తెలుగు బడులు పెడుతూ వచ్చారు. లింగంపల్లి నారాయణగూడకు ఎంత దూరం? ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టింది. దాని శతజయంతిని మనం చేసుకున్నాం, చేసుకోవలసిందే. గ్రంథాలయానికి పాఠకుడు రావాలంటే ముందు ఏ పేటలో ఎవరు పలకా బలపం ఇచ్చారో కూడా ఆ చరిత్రలో భాగమే. ఆ భాగం మన వ్యాసాల్లో పాదసూచికగా కూడా కనబడదు.

ఈ పోరాటాలన్నీ బడి తలుపు దగ్గర జరిగినవి. ఎవరికి ప్రవేశం, ఏ భాషలో, ఎవరి అనుమతితో అన్నవి వాటి ప్రశ్నలు. తలుపు దాటాక పిల్లకు చదవడం ఎలా వస్తుందన్న ప్రశ్నను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. తెలుగు దేశంలో ఆ పని చేసిన తొలి పెద్దమనిషి గిడుగు రామమూర్తి అని నా అభిప్రాయం. ఆయన్ని మనం వ్యావహారిక భాషా ఉద్యమకారుడుగానే చూస్తాం. పర్లాకిమిడిలో ఆయన బడిపంతులు. సవరల భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపారు. బోధన, పరిశోధన ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. పిల్లవాడి నోట్లో ఉన్న మాటకూ పుస్తకంలో ఉన్న మాటకూ దూరం ఎంతో ఆయనకు తరగతి గదిలోనే తెలిసింది. వాడుక భాష వాదానికి బలం అక్కడిది.

ఇప్పుడు 'పుస్తకం' దగ్గరికి వస్తాను. పిల్లకు 'స' అంటే తలకట్టుతో ఉన్న 'స' అని నేర్పాం. 'పుస్తకం'లో అదే 'స' తలకట్టుతోనే ఉంది. కాని ఆ అకారం అక్కడ 'స'ది కాదు, కింద వేలాడే తకారానిది. కంటికి పైన కనబడేది చెవికి చివర వినబడుతుంది. 'పుస్తె'లో ఎత్వమూ అంతే. త, న, మ, య, ర, ల ఒత్తులకు తల్లి అక్షరం పోలికే లేదు. 'అంగడి', 'అంత', 'అంబ' మూడింటిలోనూ సున్న ఒకటే, పలికే ధ్వని మూడు రకాలు. ఇవన్నీ మనకు తెలిసినవేగదా అంటారు. మనకు తెలుసు కాబట్టే కనబడవు. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన, అక్షరాల పరిజ్ఞానం ఒకటి రెండు తరగతుల్లో ముగిసేది కాదనీ, నాలుగో తరగతి దాకా సాగుతుందనీ చూపింది. కన్నడ లిపి నిర్మాణం మనదే. ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారు. మన గుణింతాలు, ఒత్తులు కలిస్తే వందలు. ఆ పిల్ల మందమతి కాదు, పని పెద్దది.

ఈ సంగతి పంతుళ్ళకు తెలియదా? నేను చూసినంతవరకు చాలామందికి తెలుసు, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరదు. 1980ల మధ్యలో బ్రిటిషు సాయంతో మొదలై 1996 దాకా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పాటు చేసింది. చుట్టుపక్కల బడుల పంతుళ్ళు అక్కడ కలుసుకునేవారు. విదేశీ సాయం వెనక ఉండే రాజకీయం మీద నాకు భ్రమలు లేవు. సమావేశాల్లో సగం కాలం కాగితాలు నింపడానికే పోయేది. అయినా ఒక కేంద్రంలో ఒక పెద్ద పంతులమ్మ, ఏడాది పొడుగునా పిల్లలు పలకల మీద చేసిన తప్పులు రాసుకున్న నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టారు. సున్న తప్పులొక కుప్ప, దీర్ఘాలొక కుప్ప, ఒత్తులు అన్నిటికంటే పెద్ద కుప్ప. మా పదిమందికీ ఆ రోజు కలిగిన ఉత్సాహం ఏ శిక్షణా ఇవ్వలేదు. అది పరిశోధన కాదని ఎవరనగలరు? పథకం ముగిసింది. నోటుబుక్కు అచ్చుకాలేదు.

దీనికి ఎదురుగా ఇంకో ప్రయోగం ఉంది. 2005-06లో గ్రామీణ ఆంధ్రప్రదేశ్ బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో పంతులుకు వివరమైన నివేదిక ఇచ్చి, అప్పుడప్పుడూ తరగతి చూసి వచ్చారు. మురళీధరన్, సుందరరామన్ 2010లో ప్రకటించిన ఫలితం: చూడవచ్చిన రోజున పంతుళ్ళు బాగానే కష్టపడ్డారు, పిల్లల మార్కులు మాత్రం పెరగలేదు. అదే పరిశోధకుల ఇంకో ప్రయోగంలో జీతంపై బోనస్ ముడిపెట్టిన చోట పెరిగాయి. కాబట్టి డబ్బు ఎర ఉండాలని కొందరు తేల్చారు. నేను మరోలా చదువుతాను. నివేదిక వచ్చింది, పంతులు పక్కన కూర్చున్నవాడు రాలేదు. రోగం పేరు చెప్పి వెళ్ళిపోయిన వైద్యుడివంటిది ఆ సాయం.

మన సంగతో? గిడుగు తరవాత ఎంతమంది పేరున్న రచయితలు ఒత్తులు లేని యాభై మాటలతో ఒక కథ రాశారు? ఆ పని వాచక సంఘాలకు వదిలేసి, తరవాత పాఠకులు తగ్గారని సభలు పెడుతున్నాం. తెలంగాణ పిల్ల ఇంట్లో 'చేసిండు' అని, వాచకంలో 'చేశాడు' చదువుతూ వచ్చింది. 2022-23 నుంచి ఒకే వాచకంలో ఎదురెదురు పుటల్లో తెలుగూ ఇంగ్లీషూ వచ్చాయి. ఒక లిపి కుదరకముందే రెండోది.

అశోక్‌నగర్‌లో నగర కేంద్ర గ్రంథాలయం ముందు పొద్దున్నే నిలబడితే పాఠకులకు కొదవలేదనిపిస్తుంది. జిల్లాల నుంచి వచ్చి ఇరుకు గదుల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులు, యువతులు వాళ్ళు. తెలంగాణలో 2024 డీఎస్సీ ప్రకటించిన ఉపాధ్యాయ కొలువులు 11,062. అంటే అక్కడ కూర్చుని చదివినవాళ్ళలో కొందరు ఈపాటికి ఒకటో తరగతి ముందు నిలబడి ఉంటారు. చిక్కడపల్లి పాత పుస్తకాల దుకాణంలో వాళ్ళు అమ్మేసిపోయిన బోధనా పద్ధతుల గైడ్లు రెండు మూడు తిరగేశాను. పియాజే ఉన్నాడు, బ్రూనర్ ఉన్నాడు, ముఖ్యమైన ప్రశ్నల కింద ఎర్రసిరా గీతలున్నాయి. సకారం కింద వేలాడే తకారం గురించి ఒక్క వాక్యం నాకు దొరకలేదు.