భిన్నకావ్యనాయకుల యేకగోష్ఠి

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకుఁ బోవు మార్గమున, పెద్దచెఱువుచేఁ బ్రసిద్ధమైన ఇబ్రాహీంపట్టణము కలదు. గోలకొండ రాజ్యమును 1550 మొదలు 1580 వఱకు నేలిన ఇబ్రాహీం కుతుబ్ షా పేర నా యూరు వెలసినది. ఆంధ్రకవు లాతనిని మల్కిభరాముఁ డని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానము నాతనికే కృతి యిచ్చెను. ఆ కథ గంగాధరుని స్వకపోలకల్పితము కాదు. అది భారతము నాదిపర్వమందు గంధర్వుఁ డర్జునునకుఁ జెప్పిన చిన్న యుపాఖ్యానము. సూర్యపుత్రియైన తపతిని, ఆమెను వలచిన సంవరణుని వ్యాసునియొద్దనుండి కైకొని, కవి వారిని బ్రబంధనాయికానాయకులఁ జేసెను. దీనిని జౌర్య మని యెవ్వరును దలంపలేదు.

ఒకరి పాత్రలను మఱియొకరు గ్రహించుట రెండు తెఱఁగులు. ఒక గ్రంథమందలి పాత్రను వేఱుచేసి పెంచుట మొదటిది. గంగాధరుఁడు చేసిన దదియే. భిన్నగ్రంథములందలి వారిని, ఒకరినొకరు చూచి యెఱుఁగనివారిని, ఒక్కచోటఁ జేర్చి వారిచేత నూతనకార్యము చేయించుట రెండవది. ఈ రెండవది పాశ్చాత్యుల క్రొత్తకల్పన యని కొందఱు తలంతురు. ఆంగ్లేయులైన ఆలన్ మూర్ రచింపఁగాఁ గెవిన్ ఓనీల్ చిత్రించిన ‘లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్‌మెన్’ అను చిత్రకథ యట్టి తలంపునకుఁ గారణము. అది 1999లో అమెరికాయందుఁ బ్రకటితమయ్యెను. ఆ తలంపు సరికాదు. ఐనను మన పూర్వులు తఱచుగాఁ జేయని దొకటి యాచిత్రకథయందుఁ గలదు.

మనవారి గోష్ఠులను ముందుగాఁ జూడవలెను. బల్లాళుని భోజప్రబంధము చదువని సంస్కృతవిద్యార్థి యుండఁడు. పదునొకండవ శతాబ్దివాఁడైన భోజుని సభయందుఁ గాళిదాసు, హర్షుని యాశ్రితుఁడైన బాణుఁడు, భవభూతి, మాఘుఁడు, దండి యందఱును సమకాలికులై సమస్యలు పూరింతురు. చరిత్రకారునకు దీనియందుఁ బ్రామాణ్యము లేదు. పాఠకునకు మాత్రము వినోదమునకుఁ గొఱఁత లేదు. తెలుఁగున నష్టదిగ్గజముల కథయు నిట్టిదే. శ్రీకృష్ణదేవరాయలు 1529లో నస్తమించెను. వసుచరిత్రము తళ్ళికోట యుద్ధానంతరము రాజ్యమేలిన తిరుమలరాయల కంకితము. కళాపూర్ణోదయమునకుఁ గృతిపతి నంద్యాల కృష్ణరాజు. ఐనను రామరాజభూషణుఁడును సూరనయు భువనవిజయమునఁ బెద్దన ప్రక్కనే పీఠములు వేసికొని కూర్చుందురు. నేఁటి కవిపండితులును వేషములు ధరించి యా సభను రూపకముగా నాడుచున్నారు. సహృదయులు కాలవిరోధమును లెక్కింపక యానందించుచున్నారు.

ఐతే వీరు కవులు, కథానాయకులు కారు. శాస్త్రగ్రంథమందలి పేళ్ళను గొని కథానాయకులఁ జేసినవారు కాశీమజిలీకథల కర్తలైన మధిర సుబ్బన్న దీక్షితులవారు. బాభ్రవ్యుని తంత్రమునుండి యేడధికరణములను ఏడుగు రాచార్యులు వేఱువేఱుగా రచించి రని వాత్స్యాయనుఁడు కామసూత్రారంభమునఁ జెప్పినాఁడు. చారాయణుఁడు, సువర్ణనాభుఁడు, ఘోటకముఖుఁడు, గోనర్దీయుఁడు, గోణికాపుత్రుఁడు, దత్తకుఁడు, కుచుమారుఁడు అనువారు వారు. వీరిని దీక్షితులవారు సప్తమిత్రులఁ గావించి, ఒక్కొక్కనికి నొక్కొక సాహసకథను గల్పించిరి. గోణికాపుత్రుఁడు, గోనర్దీయుఁడు అను పేళ్ళు వైయాకరణులకుఁ గ్రొత్తవి కావు. రెండును మహాభాష్యమునఁ గానవచ్చును. గోనర్దీయుఁ డనఁగా భాష్యకారుఁడే యని కైయటుని మతము. ఆ పక్షమున, మణిసిద్ధుఁడు గోపబాలునకు దారిలోఁ జెప్పు కథయందు సాక్షాత్పతంజలియే సాహసికుఁడై తిరుగుచున్నాఁ డన్నమాట! శాబ్దికులు దీనికిఁ గోపింపఁ బనిలేదు. దీక్షితులవారు గ్రహించినది నామములనే కాని యాచార్యుల చరితమును గాదు.

ఇచ్చటనే విచారణీయాంశము కలదు. సమాసమునఁ జేరిన పదములు తమ యర్థమును విడుచునా, విడువవా యని సమర్థాహ్నికమందు భాష్యకారుఁడు చర్చించెను. విడుచు నను పక్షము జహత్స్వార్థ. విడువ దను పక్షము అజహత్స్వార్థ. మొదటి పక్షమును సమర్థించుచు నాతఁ డొక లోకదృష్టాంత మిచ్చెను. వడ్రంగి రాజకార్యమున నియుక్తుఁడైనపుడు తన వడ్రంగమును మానును. ఎక్కిళ్ళను, నవ్వును, గోఁకికొనుటను మాత్రము మానఁడు. రాజకార్యమునకు విరుద్ధమైనదానినే విడుచును గాని తక్కినది విడువఁ డని తాత్పర్యము. భిన్నకావ్యనాయకుల గోష్ఠికి నింతకంటెఁ దగిన కొలబద్ద దొరకదు. సప్తమిత్రులు జహత్స్వార్థకు నిదర్శనము: పేరు మిగిలినది, పూర్వార్థము తొలఁగినది.

మూర్ చేర్చినవా రైదుగురు. బ్రామ్ స్టోకరు 1897లో వ్రాసిన ‘డ్రాక్యులా’ నుండి మీనా మఱ్ఱే, హాగర్డు నవలలనుండి వేఁటకాఁడైన క్వాటర్‌మెయిన్, జూల్ వెర్న్ నౌకాధిపతి నెమో, స్టీవెన్‌సన్ 1886లో సృష్టించిన జెకిల్-హైడులు (ఒక్కదేహమున నిద్దఱు గాన నొక్కరుగాఁ గణింపవలెను), వెల్సు రచించిన యదృశ్యమానవుఁడు గ్రిఫిన్. కథాకాలము 1898. వీరిలో మీనా తప్పఁ దక్కిన నలువురును దమతమ మాతృకలలో మరణించినవారే. వారిని బ్రదికించుటకు మూర్ కొంత యుపాయమును బన్నెను. అంతకంటె ముఖ్యము, వారి పూర్వకథను దుడిచివేయకుండుట. మీనా కంఠమున ఱక్కసికాటు మచ్చ యున్నది. ఆమె దానిని వస్త్రముతోఁ గప్పికొనును. క్వాటర్‌మెయిన్ నల్లమందునకు దాసుఁడై కైరో నగరమునఁ బడియుండును. గ్రిఫిన్ స్వార్థపరత్వము తగ్గదు. రెండవ సంపుటమున నంగారకులకు మిత్రులను విక్రయించువాఁ డతఁడే. రాజకార్యమునఁ జేరినను నెవ్వరి యెక్కిళ్ళు వారికి నిలిచియున్నవి.

నెమో విషయము వేఱు. ఆతనియందు నిలిచినది యెక్కిళ్ళు మాత్రమే కాదు, వైరము. వెర్న్ మొదట నాతనిని రష్యనులచేఁ గుటుంబమును గోల్పోయిన పోలెండు కులీనునిగా భావించెను. ప్రకాశకుఁడైన హెట్జెల్ సమ్మతింపకపోవుటచే 1870 నాఁటి గ్రంథమున నాతని దేశము గూఢముగా నుండిపోయెను. 1875లో ముగిసిన ‘రహస్యద్వీపము’ నందు గుట్టు బయలుపడెను. నెమో బుందేలుఖండపు రాజపుత్రుఁడు, టిప్పూసుల్తానునకు మేనల్లుఁడు, 1857 నాఁటి తిరుగుబాటున భార్యాపుత్రులను గోల్పోయినవాఁడు. పేరు దక్కారు. ఏ వ్యాకరణముచేతను సాధింపరాని పేరది! 1799లో మడిసిన టిప్పూకును, బుందేలుఖండపు రాజకుటుంబమునకును నీ చుట్టఱికము కుదురు విధమును వెర్న్ వివరింపలేదు. రెండు గ్రంథములకును గాలగణనయం దైకమత్యమును లేదు. ఈ దోషము లెన్ని యున్నను, ఆంగ్లరాజ్యముపైఁ బగఁబూని సముద్రమునఁ దిరుగు భారతీయుఁ డొక ఫ్రెంచివాని కలమునఁ బుట్టుట సామాన్యవిషయము కాదు.

అట్టివానిని మూర్ ఆంగ్లేయుల రహస్యోద్యోగమున నిలిపెను. ఇది యనౌచిత్యము కాదా? ప్రసిద్ధకథను మార్చుటయందు రసవిరోధము తగదని యానందవర్ధనుని శాసనము. నాయకునకుఁ గాని రసమునకుఁ గాని విరుద్ధమైన దానిని విడువవచ్చు నని దశరూపకకారుఁడు చెప్పఁగా, ఉదాత్తరాఘవమున ఛలముచే వాలిని జంపుట విడువఁబడె నని ధనికుఁడు చూపెను. ఇచ్చట విడుపు కాదు, విరుద్ధమైనదానిని జేర్చుట. ప్రథమసంపుటమును మాత్రమే చదివినవాఁ డిది దోషమే యనును. అందు నెమో తన నౌకను వారికి వాహనముగా నిచ్చును. వీరిని నియోగించిన ‘ఎం’ అను నధికారి తుదకు హోమ్స్ కథలలోని దుష్టుఁడు మొరియార్టీ యని తేలును. రాజకార్యమన నెట్టిదో యాతనికి నంతటితోనే తెలియవలసినది, ఐనను నిలిచెను.

ఆక్షేపమునకు సమాధానము 2002-2003లలో వెలువడిన రెండవ సంపుటమునఁ గలదు. అది వెల్సు 1898లో రచించిన యంగారకయుద్ధకథపై నల్లఁబడినది. వెల్సు గ్రంథమున నంగారకులు భూమిపైఁ గల సూక్ష్మజీవులచేతఁ దామే నశింతురు. మూర్ ఆ ముగింపును దలక్రిందుచేసెను. ప్రభుత్వము మారకక్రిములను గల్పించి లండనుపైఁ బ్రయోగించును. అంగారకులతోఁ బాటు స్వప్రజలును జత్తురు. పడిసెముచే శత్రువులు చచ్చిరని లోకమునకుఁ జెప్పి, మనుష్యుల మరణములను నంగారకులపై వేయుదురు. ఆ సంగతి విన్న నెమో క్రోధముతో, తన్ను మరల వెదకవలదని పలికి, నౌకతో నిష్క్రమించును. 1857లోఁ దనవారిని గోల్పోయినవాఁడు చేయవలసిన పని యదియే. ఇన్ని పుటలు రాజకార్యమున మౌనముగా నిలిపినది యీ నిష్క్రమణమునకు బలమిచ్చుటకే యని యప్పుడు స్పష్టమగును. సమాసము విగ్రహింపఁబడినది, పదము స్వార్థముతో బయటికి వచ్చినది.

2003లో నీ కథ చలనచిత్రమయ్యెను. నెమో పాత్రను మనదేశపు నటుఁడు నసీరుద్దీన్ షా ధరించెను. వెర్న్ చెప్పిన జాతికి నటుని జాతి కుదిరెను. కాని యందు మూర్ రెండవ సంపుటపుఁ గథ లేదు, కాన నా కోపమునకుఁ దావును లేదు. మూర్ ఓనీలులు మాత్రము 2013 మొదలు 2015 వఱకు మూఁడు పొత్తములను నెమో కూఁతురైన జాన్నీపై వెలయించిరి. అందు నౌక తండ్రినుండి కూఁతునకు సంక్రమించును.