మా అంగడి చిట్టాలో ఒక గీజరు కథ

పోయినసారి మన ఇంటి రాగి అండా గురించి రాసినప్పుడు చాలామంది బంధువులు ఒకే ప్రశ్న వేసినారు: అండా పోయి గీజరు వచ్చినాక తాత అంగడిలో ఏం జరిగింది అని. ఈసారి అదే రాస్తున్నాము. ముందే ఒక మాట. మేము చదివింది కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగినా, అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరినాకే. రాతలో కన్నడ వాసన వస్తే మీరే సర్దుకోవాలి.

మా ముత్తాత చిత్తూరు వైపు నుంచి కోలారు బంగారు గనుల పనికి వచ్చినాడు. కావేరి నది మీద శివనసముద్రం దగ్గర పుట్టిన కరెంటు 1902లో మొదట ఆ గనులకే పోయింది. బెంగళూరు వీధి దీపాలకు 1905లో గాని రాలేదు. అంటే రాజధాని కన్నా ముందు గనుల ఊరు కరెంటు చూసింది. మా తాత అక్కడ పుట్టి, అక్కడే వైరింగ్ పని నేర్చుకుని, తరువాత బెంగళూరు వచ్చి ఎస్.పి. రోడ్డు పక్క సందులో రిపేరీ అంగడి పెట్టినాడు. ఇస్త్రీపెట్టెలు, హీటర్లు, గీజర్లు బాగు చేసేవాడు. అంగడి మూసినాక మాకు మిగిలినవి ఒక టెస్టు ల్యాంపు, ఒక సోల్డరింగ్ ఐరన్, నాలుగు చిట్టా పుస్తకాలు. చిట్టాలన్నీ తెలుగులో ఉన్నాయి. కన్నడ అక్షరాలకూ వీటికీ చుట్టరికం కాబట్టి సగం ఊహించి చదవగలిగినాము. మిగతా సగం కోసం ముప్పై ఏళ్ళ వయసులో పలక పట్టినాము.

రెండో చిట్టాలో ఒక పేజీ మొత్తం ఒకే గిరాకీకి పోయింది. పేరు లేదు, ‘టూల్ రూమ్ పెద్దాయన’ అని ఉంది. ఆయన మాకూ బాగా గుర్తు. సర్కారు కార్ఖానాలో టూల్ రూమ్ పని చేసి రిటైర్ అయినవాడు. జేబులో వెర్నియర్ పెట్టుకుని అంగడికి వచ్చేవాడు. ఆయన ఇంట్లో పాత గీజరు, లోపల రాగి ట్యాంకు. దాని థర్మోస్టాట్ పోయింది. ఆ మోడలు తయారీ ఎప్పుడో ఆగిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగి ఈ వస్తువు చరిత్ర చెప్పుకోవాలి. రెండు రకాల లోహాలను కలిపి అంటిస్తే, వేడికి ఒకటి ఎక్కువ సాగి, ఒకటి తక్కువ సాగి, ఆ పట్టీ వంగుతుంది. ఈ ఉపాయాన్ని 18వ శతాబ్దంలో ఇంగ్లండు గడియారాల పనివాడు జాన్ హారిసన్ తన ఓడ గడియారంలో వాడినాడు. థర్మోస్టాట్ అనే పేరు పెట్టి 1830లో పేటెంటు తీసుకున్నది స్కాట్లండు రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ యూర్. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో వారెన్ జాన్సన్ అనే పంతులు ఉండేవాడు. చలికాలంలో పాఠం మధ్యలో జవాను ప్రతి గదిలోకీ వచ్చి వేడి చూసి పోవాల్సి వచ్చేది. ఆ ఇబ్బంది నుంచి పుట్టిన ఆయన కరెంటు థర్మోస్టాట్‌కు 1883లో పేటెంటు వచ్చింది. 1953లో హనీవెల్ కంపెనీ గోడకు పెట్టే గుండ్రటి థర్మోస్టాట్ తెచ్చింది. దాని రూపం హెన్రీ డ్రేఫస్‌ది. మీ పిల్లలు అమెరికాలో పాత ఇంట్లో ఉంటే గోడ మీద అది చూసే ఉంటారు.

మన గీజర్లో ఉండేది ఇంకో కొమ్మ. బయట ఇత్తడి గొట్టం, లోపల ఇన్వార్ కడ్డీ. ఇన్వార్ అంటే వేడికి దాదాపు సాగని ఉక్కు, నికెల్ మిశ్రమం. 1896లో దాన్ని కనుక్కున్న షార్ల్ గియోమ్‌కు 1920లో నోబెల్ బహుమతి ఇచ్చినారు. నీళ్ళు కాగితే ఇత్తడి సాగుతుంది, ఇన్వార్ సాగదు, ఆ తేడా కడ్డీని లాగి స్విచ్చి తెరుస్తుంది. 11 అంగుళాల గొట్టం 35 డిగ్రీల వేడికి సాగేది మిల్లీమీటరులో అయిదో వంతు కూడా రాదు. అంత చిన్న కదలిక మీద ఇంటిల్లిపాది స్నానం ఆధారపడి ఉంది.

పెద్దాయన తగాదా ఏమిటంటే, అచ్చం పాతదే కావాలి. ముందు ఇంకో మెకానిక్ దగ్గరికి పోయినాడు. అతను థర్మోస్టాట్ తీసేసి వైర్లు డైరెక్టుగా కలిపేసి, ‘చూసుకుని ఆపేయండి’ అని డబ్బులు తీసుకున్నాడు. లెక్క వేయండి. 15 లీటర్ల నీళ్ళు, 2000 వాట్ల హీటరు అయితే 25 డిగ్రీల నుంచి 60కి చేరడానికి సుమారు 18 నిమిషాలు. అక్కడ ఆపేవాడు లేకపోతే 40 నిమిషాల లోపలే మరుగుతాయి. ఒకరోజు పెద్దాయన స్విచ్చి వేసి పేపరు చదువుతూ మరిచిపోయినాడు. ఊరు నుంచి వచ్చిన మనవరాలు బచ్చలింట్లో కొళాయి తిప్పబోతే బుస్సుమని ఆవిరి వచ్చింది. చెయ్యి వెనక్కి లాక్కుంది కాబట్టి సరిపోయింది. మరునాడే ఆయన మా అంగడి మెట్లెక్కినాడు.

తాత మొదట 7 అంగుళాల కడ్డీ చూపించినాడు.

‘ఇది నాది కాదప్పా. నాది పదకొండు’ అన్నాడు పెద్దాయన, వెర్నియర్ తీసి.

‘అవును సార్, నేనూ వద్దనే అంటున్నాను. చూపిస్తున్నానంతే. పొట్టిది కింది నీళ్ళ వేడి మాత్రమే చూస్తుంది. పైన ఎంత కాగినాయో దానికి తెలియదు.’

తరువాత గుజరీ అంగళ్ళలో వారం తిరిగి, అచ్చం అదే పాత మోడలు ఒకటి పట్టుకొచ్చినాడు. పెద్దాయన మొహం వెలిగింది. తాత మాత్రం స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు పెట్టి, థర్మామీటరు వేలాడదీసి, కడ్డీ ముంచి, టెస్టు ల్యాంపు తగిలించినాడు. మొదటిసారి 60 దగ్గర ల్యాంపు ఆరింది. రెండోసారి 60 దగ్గరే. మూడోసారి 75 దాటినా వెలుగుతూనే ఉంది. విప్పి చూస్తే కాంటాక్టులు కాలి గుంటలు పడి, ఒక్కోసారి అంటుకుపోతున్నాయి.

‘ఎమెరీ కాయితం పెట్టి గీకు, సరిపోతుంది’ అన్నాడు పెద్దాయన.

‘ఈరోజుకు సరిపోతుంది సార్. ఏ రోజు అంటుకుంటుందో నేను చెప్పలేను. మీ మనవరాలు మళ్ళీ రాదా?’

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి తాత పెట్టింది కొత్త రకం: అదే 11 అంగుళాలు, దాంట్లోనే వేడి మితిమీరితే కరెంటు తెంచే కటౌట్. పాత గీజర్లో ఆ కటౌట్ విడిగా కూడా లేదు. అయినా గొడవ తీరలేదు. పాతదాని మీద డిగ్రీల అంకెలు ఉండేవి, కొత్తదాని మీద చుక్కలే. ‘చుక్క అంటే ఎంత?’ అని ఆయన పట్టు. తాత మళ్ళీ గిన్నె పెట్టి, ఒక్కో చోట ఎక్కడ ఆరుతుందో చూసి, చిన్న అల్యూమినియం రేకు మీద 40, 50, 60 అని సూదితో చెక్కి బిగించినాడు. పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, గీతలు సమంగా లేవన్నాడు. డబ్బులు మాత్రం పూర్తిగా ఇచ్చినాడు.

చిట్టాలో ఈ పేజీ లెక్క చూస్తే వారం తిరుగుడు, గుజరీలో పెట్టిన డబ్బు పోగా తాతకు మిగిలింది ఏమీ లేదు. ఆ లెక్క కింద రెండు మాటలు గీత గీసి రాసి ఉన్నాయి: ‘డైరెక్ట్ వద్దు’. మిగతా పేజీలు వెతికితే ఇంకో ఆరు చోట్ల అదే మాట, ఎదురుగా రూపాయలు లేవు. డైరెక్టు చేయమని అడిగిన గిరాకీలను వెనక్కి పంపిన రోజులవి. ఇన్నాళ్ళూ అంగడి నష్టంతో మూతపడిందని ఇంట్లో అనుకుంటుంటే విన్నాము. ఆ నష్టంలో కొంత ఎక్కడిదో ఈ అక్షరాలు నేర్చుకున్నాకే తెలిసింది.

మేము ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తున్నాము. రెండుసార్లు పాస్ అయితే చాలదా అని మేనేజర్లు అడుగుతారు. మూడోసారి వెలుగుతూనే ఉన్న ఆ ల్యాంపు గుర్తుకొస్తుంది. వాళ్ళకు ఈ కథ చెప్పలేదు, మీకు చెబుతున్నాము.

మీ ఇంట్లో పాత గీజరు ఉంటే, ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు ఒక్క మాట అడగండి: థర్మోస్టాట్ ఉందా, డైరెక్టా? అలాగే అటక మీద తాతల చిట్టాలు ఉంటే పాత పేపర్లతో కలిపి అమ్మేయకండి. చదవడం రాకపోతే చెప్పండి, కూర్చుని కలిసి చదువుదాం.