హార్మోన్ రహిత పురుష గర్భనిరోధక మందులు

హార్మోన్ రహిత పురుష గర్భనిరోధక మందులు అనగా టెస్టోస్టిరాన్ మొదలైన హార్మోన్ల జోలికి పోకుండా శుక్రకణాల ఉత్పత్తిని గాని, కదలికను గాని తాత్కాలికంగా నిలిపివేసే మందులు. ఇటువంటి మందు ఏదీ ఇంతవరకు వాడుకలోకి రాలేదు. స్త్రీల మాత్రకు అమెరికాలో 1960లోనే అనుమతి లభించగా, పురుషులకు నేటికీ కండోమ్, వేసెక్టమీ అనే రెండే ప్రధాన మార్గాలు కలవు. గర్భనిరోధ భారం అధికంగా స్త్రీలపైనే పడుటకు ఇదొక కారణం.

తొలి ప్రయత్నాలు

1960ల ప్రారంభంలో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో విన్ 18,446 అనే మందును కారాగారంలోని ఖైదీలకు ఇచ్చి పరీక్షించారు. (ఖైదీల సమ్మతి ఎంతవరకు స్వేచ్ఛాయుతమన్నది వేరే ప్రశ్న.) మందు వాడినంతకాలం శుక్రకణాలు తగ్గి, మానిన పిదప తిరిగి పెరిగాయి. అయితే ఈ మందు తీసుకొనేవారు మద్యం సేవిస్తే వాంతులు, గుండెదడ వంటి బాధలు కలిగేవి. అందువలన దానిని వదిలివేశారు. దీని కారణం 2011 నాటి పరిశోధనలో స్పష్టమైనది. వృషణాలలో విటమిన్ ఏ నుండి రెటినోయిక్ ఆమ్లాన్ని తయారుచేసే ఎంజైమును ఈ మందు అడ్డుకొంటుంది. ఆ ఆమ్లం లేనిదే శుక్రకణాలు తయారుకావు. కాలేయంలో మద్యాన్ని విచ్ఛిన్నం చేసే ఎంజైము కూడా అదే కుటుంబానికి చెందినది.

పత్తి గింజలలో ఉండే గాసిపాల్‌ను చైనాలో 1970లలో 8,000 మందికి పైగా పురుషులపై పరీక్షించారు. కొందరికి రక్తంలో పొటాషియం తగ్గి నీరసం వచ్చింది. మరికొందరిలో మందు మానినా శుక్రకణాలు తిరిగి రాలేదు.

వడపోత పద్ధతి

పరిపక్వ శుక్రకణం కొత్త ప్రోటీన్లను తయారుచేసుకోలేదు. కనుక ఇతర కణాలలో వలె జన్యువులను మార్చి, ఏ ప్రోటీనును అడ్డుకోవాలో తెలుసుకొనుట కష్టం. ఈ చిక్కును దాటుటకు స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయం వారు దాతల శుక్రకణాలపైనే నేరుగా మందులు వేసి, వాటి కదలికను యంత్రాల సాయంతో కొలిచే పద్ధతిని రూపొందించారు. ఇదివరకే ఆమోదం పొందిన, లేదా మనుషులపై పరీక్షించిన మందులతో కూడిన దాదాపు 12,000 అణువులను ఇట్లు వడపోసి, కదలికను బాగా తగ్గించే కొన్నింటిని 2020లో ప్రకటించారు. గాజు పాత్రలో పనిచేసినంత మాత్రాన అది మందు కాజాలదు. శుక్రకణాన్ని చేరాలి, ఇతర అవయవాలకు హాని చేయరాదు, మానగానే ప్రభావం తొలగాలి.

ఇటీవలి పరిశోధనలు

అమెరికాలోని వైల్ కార్నెల్ శాస్త్రవేత్తలు 2023లో టీడీఐ-11861 అనే అణువు ఒక్క మోతాదుతో మగ ఎలుకల శుక్రకణాలను కొద్ది గంటలపాటు కదలకుండా చేసిందని, మరునాటికి అవి మామూలు స్థితికి వచ్చాయని తెలిపారు.

వైసీటీ-529 అనే మందు విన్ 18,446 తొక్కిన దారిలోనిదే. కాని ఇది ఎంజైమును వదిలి, రెటినోయిక్ ఆమ్లం అంటుకొనే గ్రాహకాన్ని అడ్డుకొంటుంది. 16 మంది పురుషులపై జరిపిన తొలి పరీక్షా ఫలితాలు 2025లో వెలువడ్డాయి. తీవ్రమైన దుష్ఫలితాలు కనబడలేదు. పాల్గొన్నవారంతా అప్పటికే వేసెక్టమీ చేయించుకున్నవారు కనుక గర్భనిరోధక శక్తి ఇందులో తేలలేదు.